ఇరవై మూడు మంది మిసెస్‌లు

"మూడున్నరకి జెనోబియాని నా ఆఫీసుకి పంపు. స్ట్రౌడ్."

చీటీలో ఉన్నది అంతే. టాల్‌ఫర్డ్ కౌంటీ బడులన్నిటికీ సూపరింటెండెంటు అయిన మిస్టర్ స్ట్రౌడ్ తెల్లవాళ్ళ బడికి ఉత్తరం రాస్తే పావు పేజీ మర్యాదలతోనే నిండిపోతుంది. మా నల్లవాళ్ళ బడికి రాసేసరికి ఆయన సిరాకి ఎక్కడలేని పొదుపు వస్తుంది. జెనోబియా అని ఆయన రాసిన మనిషిని మా వాళ్ళలో ఆ పేరుతో పిలిచినవాళ్ళు ఇద్దరే. ఒకరు ఆవిడ తల్లి, ఆ తల్లి పోయి చాలాకాలమైంది. రెండోవాడు భర్త క్లెమెంట్, అదీ ఇంట్లో తలుపులు వేసుకున్నాక. మిగతా అందరికీ ఆవిడ మిసెస్ హస్కిన్స్, పందొమ్మిదేళ్ళుగా పిల్లలకి చరిత్ర చెబుతున్న మిసెస్ హస్కిన్స్. ఈ కథలోనూ అంతే.

చీటీ తెచ్చింది ప్రిన్సిపాలు ప్రొఫెసర్ వోమ్యాక్. తొమ్మిదో తరగతి పిల్లలు మధ్యాహ్నం భోజనానికి బయటికి పోయేదాకా గుమ్మంలోనే నిలబడి, చివరి పిల్లాడు వెళ్ళగానే తలుపు మూశాడు.

"కనిపెట్టేశారంటారా?" అంది మిసెస్ హస్కిన్స్.

"నాకు తెలిస్తే ఈ చీటీ ఇలా వణుకుతుందా?" అన్నాడాయన. నిజంగానే కాగితం వణుకుతోంది. ప్రొఫెసర్ వోమ్యాక్ లాటిన్ గడగడా చదువుతాడు, షికాగోలో అచ్చయ్యే పత్రికకి వ్యాసాలు రాస్తాడు, వెయ్యి పుస్తకాలున్న ఇంట్లో ఒంటరిగా ఉంటాడు. "ఒంట్లో బాగోలేదని ఇంటికి వెళ్ళిపోండి. జ్వరమని నేను చెబుతాను. మీ ముఖం చూస్తే ఎవరైనా నమ్ముతారు."

"మీ ముఖం చూస్తుంటే నాకు నిజంగానే వచ్చేలా ఉంది, ప్రొఫెసర్ గారూ."

ఇద్దరూ నవ్వబోయారు. నవ్వు రాలేదు.

ఇంత భయానికీ కారణం నలభై ఒక్క పేజీల టైపు కాగితాలు. మా కౌంటీలో ఏ పిల్ల ఎంత దూరం నడిచి బడికొస్తోంది, ఏ గదిలో ఎంతమందిని కుక్కారు, ఏ కప్పు ఎక్కడ కారుతోంది, పొయ్యిలో బొగ్గు ఏ నెలలో అయిపోతుంది, తెల్లపిల్లల బస్సులు మా పిల్లల మీద బురద చిమ్ముకుంటూ ఏ దారిన పోతున్నాయి, అన్నీ అందులో ఉన్నాయి. ఇరవై మూడు మంది తల్లులు తమ వంటిళ్ళలో కూర్చుని చెప్పిన మాటలు పేర్లతో సహా ఉన్నాయి. గురువారం సాయంత్రాలు నలుగురు టీచర్లు పుస్తక చర్చ అని కలుసుకునేవాళ్ళు. చర్చించింది తక్కువ, దారులు కొలిచింది ఎక్కువ. కొలవడం నలుగురి పని, రాయడం మాత్రం మిసెస్ హస్కిన్స్ ఒక్కదానిదే. రెండేళ్ళు పట్టింది. కింద పేరు పెట్టలేదు.

ఇప్పుడు ఆ పేరు కావాలి. తెల్లపిల్లలకి ఒక బడి, నల్లపిల్లలకి ఒక బడి అన్న పద్ధతే పోవాలని ఆ ఇరవై మూడు మంది తల్లులు వేసిన కేసు సోమవారం రాజధాని రిచ్‌మండ్‌లో కోర్టుకి వస్తోంది. ఈ నివేదిక రాసింది నేనే, ఇందులోది నిజమే అని ఎవరో ఒకరు ప్రమాణం చెయ్యకపోతే జడ్జీలు దాన్ని పక్కన పడేస్తారు. సాక్షి పేరు ఈ రోజు సాయంత్రం ఐదు లోపల ఇచ్చెయ్యాలి. రిచ్‌మండ్‌లో లాయర్ బర్‌వెల్ ఫోను పక్కనే కూర్చుంటానన్నాడు. ఆయన ఆవిడను బలవంతపెట్టలేదు. అదే ఇబ్బంది. బలవంతపెడితే తిట్టుకుంటూనైనా ఒప్పుకునేది.

పేరు బయటపడితే ఏమవుతుందో మా కౌంటీలో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. కేసులో మొదటి పేరు మిసెస్ హాటీ డోజియర్‌ది. మొన్న శీతాకాలం పొగాకు వేలంలో, పాట పాడేవాడు అటు గుట్టకీ ఇటు గుట్టకీ పాట పాడి, డోజియర్ల గుట్ట దగ్గర మాత్రం నోరు మూసుకుని దాటిపోయాడు. కొనేవాళ్ళూ దాటిపోయారు. ఏడాది పంట, పచ్చగా పసుపు ముద్దలా ఉంది ఆకు. మొగుడూ పెళ్ళాం దాన్ని మళ్ళీ బండికెత్తుకుని ఇంటికి తెచ్చుకున్నారు. ఎవరూ వాళ్ళని ఒక్క మాట అనలేదు. మా దగ్గర పనులు అలా జరుగుతాయి, కేకలుండవు. పొరుగు కౌంటీలోనైతే ఒక టీచరమ్మ వంటింటి కిటికీ మీద తుపాకీ పేల్చారు. ఆవిడ బతికింది గానీ, ఆ తర్వాత కిటికీకి వీపు పెట్టి వంట చెయ్యలేకపోయిందట.

మిసెస్ హస్కిన్స్ ఉండేది కలప మిల్లు వాళ్ళ ఇంట్లో. క్లెమెంట్ ఆ మిల్లులోనే వడ్రంగి. మిల్లు యజమాని మిస్టర్ గ్రేవ్స్ బడుల బోర్డుకి అధ్యక్షుడు. ఒక్క మాటతో ఉద్యోగాలు రెండూ, ఇల్లూ పోతాయి. ఆ పొద్దున క్లెమెంట్ బూట్లు తొడుక్కుంటూ అన్నాడు, "చెబుతావో మానతావో నీ ఇష్టం జెనోబియా. చెప్పేటట్టయితే మాత్రం ముందు నాకో కేక వెయ్యి. ఉలులూ రంపాలూ బండిలో పెట్టుకోవాలి." హాస్యంగానే అన్నాడు. కానీ బూటు తాడు రెండుసార్లు తప్పు ముడి వేశాడు.

ఆవిడ జ్వరమని ఇంటికి పోలేదు. పోతే అనుమానం ఇంకా బలపడుతుందని లెక్క వేసుకుంది. ధైర్యం కాదు, లెక్క.

సూపరింటెండెంటు ఆఫీసు కోర్టు భవనం పక్కన ఇటుకల మేడ. ముందు మెట్లు మా వాళ్ళకి కాదు. పక్క సందులోంచి, బొగ్గుల గది దాటుకుని లోపలికి పోయింది మిసెస్ హస్కిన్స్. గదిలో ఒక మూల మిస్ వెర్నా టైపు కొట్టుకుంటోంది. ఆ ఆఫీసులో ఇరవై ఏళ్ళుగా గుమాస్తా. తల ఎత్తలేదు.

"రా, జెనోబియా, రా. అంతా కులాసానా? క్లెమెంట్ పనిలోకి పోతున్నాడా?"

"పోతున్నాడండీ."

"మంచివాడు. గ్రేవ్స్ కూడా వాడి గురించి బాగా చెబుతుంటాడు. అలాంటివాడు దొరకడం కష్టం అంటాడు."

మిస్టర్ స్ట్రౌడ్ లావుపాటి మనిషి, తనను తాను చాలా దయగలవాణ్ణనుకుంటాడు. ఆయన ఎదురుగా కుర్చీ ఒకటుంది. దాని మీద ఆయన టోపీ కూర్చుంది. మిసెస్ హస్కిన్స్ నిలబడింది.

ఆయన సొరుగు లాగి, కాగితాల కట్ట తీసి, బల్ల మీద పడేశాడు. నలభై ఒక్క పేజీలు.

"ఇది ఎప్పుడైనా చూశావా?"

"ఏమిటండీ అది?"

మొదటి అబద్ధం. ఎంత తేలిగ్గా వచ్చిందో చూసి ఆవిడకే ఆశ్చర్యమేసింది.

"మన బడుల మీద చాడీలు. కోర్టు పంపింది. నువ్వు చదువుకున్నదానివి కదా, న్యూయార్కులో, అదీ మన రాష్ట్రం ఖర్చుతో. అందుకే పిలిచాను."

ఆయన చెప్పింది నిజమే. రాష్ట్ర విశ్వవిద్యాలయం మా ఊరికి రెండు గంటల దూరం. అందులో నల్లవాళ్ళని కూర్చోబెట్టడం ఇష్టం లేక రాష్ట్రమే ఖర్చు పెట్టుకుని మా టీచర్లను పైచదువుకి ఉత్తరాదికి పంపేది. మిసెస్ హస్కిన్స్ అయిదు వేసవులు పోయి వచ్చింది. అక్కడ ఆవిడకు నేర్పింది ఏమిటంటే, కొలతలు తీసి, సాక్ష్యాలు పేర్చి, నివేదిక రాయడం. ఆ ఖర్చు పెట్టేటప్పుడు రాష్ట్రానికి ఆ సంగతి తట్టలేదు.

"విను," అని మిస్టర్ స్ట్రౌడ్ ఒక పేజీ తీశాడు. కళ్ళజోడు నుదుటి మీదే ఉంది, కిందికి దించుకోలేదు. "'మిసెస్ డోజియర్ పిల్లలు ముగ్గురూ బడికి రావడానికి రోజూ పొద్దున ఎనిమిదిన్నర మైళ్ళు నడుస్తారు.' ఎనిమిదిన్నర! అబద్ధానికైనా ఒక హద్దుండాలి!"

"అయిదున్నరండీ," అంది మిసెస్ హస్కిన్స్.

నోరు జారాక తెలిసింది. పందొమ్మిదేళ్ళుగా ఎవరు తప్పు చదివినా దిద్దుతున్న నోరు అది, ఎవరు చదువుతున్నారో చూసుకోలేదు. గదిలో టైపు చప్పుడు ఒక్కటే మిగిలింది.

"ఏమన్నావ్?"

"డోజియర్ల పిల్ల నా క్లాసులోనే ఉందండీ. వాళ్ళ ఇల్లు వంతెన అవతల. అంత దూరం ఉండదు కదా అని..."

మిస్టర్ స్ట్రౌడ్ కళ్ళజోడు దించుకుని పేజీ చూశాడు. చాలాసేపు చూశాడు. "అయిదున్నరే," అన్నాడు. తర్వాత పెద్దగా నవ్వాడు. "చూశావా వెర్నా! పంతులమ్మ అంటే పంతులమ్మే. నన్నే దిద్దేస్తోంది."

మిస్ వెర్నా నవ్వలేదు. మిసెస్ హస్కిన్స్ నవ్వింది. నవ్వాలి కాబట్టి నవ్వింది, గౌను మడతల్లో చేతులు దాచుకుని నవ్వింది.

"సరే, ఇది రాసిందెవరో చెప్పు."

"నాకు తెలియదండీ."

"నాకు తెలుసు."

ఆయన వేలు తడి చేసుకుని నింపాదిగా పేజీలు తిప్పుతున్నాడు. ఈ మనిషి ఇంత నింపాదిగా పేజీలు తిప్పడం ఆవిడ జన్మలో క్షమించదు.

"పేరు తెలియదులే. ఎక్కడివాడో తెలుసు. ఉత్తరాదివాడు, మన గాలి తగలనివాడు. ఎలా పట్టానో చెప్పనా? ఇదిగో, మిసెస్ హాటీ డోజియర్. ఇక్కడ, మిసెస్ లువీనియా స్కాట్. మిసెస్, మిసెస్, మిసెస్. లెక్కపెట్టాను. ఇరవై మూడు మందికీ తగిలించాడు! ఇక్కడ పుట్టి పెరిగినవాడు ఎవడైనా ఆ మాట రాస్తాడా? మీవాళ్ళే రాయరు. హాటీని మిసెస్ అంటే హాటీయే నవ్వుతుంది."

మిసెస్ హస్కిన్స్ ఆ పేజీ వైపు మొదటిసారి చూసినట్టు చూసింది.

తెల్లవాళ్ళ నోట మా ఆడవాళ్ళు పుట్టినప్పుడు హాటీ, పెళ్ళయ్యాక హాటీ, ముసలిదయ్యాక హాటీ ఆంటీ. పోస్టాఫీసులో గానీ, పత్రికలో గానీ, కోర్టులో గానీ మిసెస్ అన్న మాట మా వాళ్ళకి అంటుకోకుండా మహా జాగ్రత్తపడతారు. అందుకే మాలో మేం దాన్ని వదలం. నలభై ఏళ్ళు పక్కపక్క ఇళ్ళలో బతికినా మిసెస్ స్కాట్, మిసెస్ డోజియర్ అనే పిలుచుకుంటారు, చీపురు ఇమ్మని అడిగేటప్పుడు కూడా. ఈ ఆఫీసుకి కూతవేటు దూరంలో, మా చర్చిలో, ఆదివారం నాడు ఇంకో మాట వినిపించదు. మిస్టర్ స్ట్రౌడ్ ఇక్కడే పుట్టి, యాభై ఎనిమిదేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాడు. ఆయనకి ఇది తెలియదు.

తెల్ల జడ్జీల కోసం రాసే కాగితంలో, అదీ పేరు దాచుకుని రాసేటప్పుడు, జాగ్రత్త గల మనిషి ఆ మాట తీసేస్తుంది. మిసెస్ హస్కిన్స్‌కి అసలు కనిపించనే లేదు. అయిదుసార్లు దిద్దింది. కామా పక్కకి జరిగితే నిద్రపోని ప్రొఫెసర్ వోమ్యాక్ రెండుసార్లు చదివాడు. ఆయనకీ కనిపించలేదు. ఎవరికైనా ఊపిరి తీస్తున్న సంగతి కనిపిస్తుందా? మా వాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేని తప్పు అది. ఆ తప్పే ఇప్పుడు ఆవిడను కాపాడుతోంది.

అప్పుడు మూలన టైపు చప్పుడు ఆగింది.

మిసెస్ హస్కిన్స్ అటు చూడకుండా ఉండాల్సింది, చూసింది. మిస్ వెర్నా కూడా ఆవిడనే చూస్తోంది. ఆ చూపులో ఏముందో అర్థమవడానికి క్షణం పట్టింది. అర్థం కాగానే పై ప్రాణాలు పైనే పోయాయి. రిజిస్టర్లు! ప్రతి సెప్టెంబరులోనూ క్లాసు రిజిస్టరు ఈ ఆఫీసుకే వస్తుంది. తల్లి పేరు రాసే గడిలో మిసెస్ హస్కిన్స్ ఏటేటా ఏం రాస్తోందో ఈ భూమ్మీద చదివిన తెల్లమనిషి ఒక్కతే.

"వెర్నా, కాగితం పెట్టు," అన్నాడు మిస్టర్ స్ట్రౌడ్ ఏమీ గమనించకుండా. "'నేను, జెనోబియా హస్కిన్స్, ఈ కౌంటీలో నల్లవాళ్ళ బడి టీచరును. ఈ నివేదిక మా సంగతులు తెలియని పైప్రాంతపు మనుషులు రాసింది. ఇందులో తల్లులు చెప్పినట్టు రాసిన మాటలు కల్పితాలు. ఇక్కడి మా జనం తమ బడులతో సంతోషంగా ఉన్నారు.' కింద తారీఖు, సంతకం. అంతే జెనోబియా. సోమవారం మా లాయరు ఇది చూపిస్తాడు. నువ్వు రానక్కర్లేదు. నేను పక్కగదిలోంచి గ్రేవ్స్‌కి ఫోను చేసి వస్తాను. సంతోషిస్తాడు."

ఆయన పోయాడు. తలుపు మూసుకుంది. మిస్ వెర్నా ఉత్తరం టైపు కొట్టింది, లాగింది, తెచ్చి బల్ల అంచున పెట్టింది, దాని మీద కలం పెట్టింది. అప్పుడు గోడ వైపు చూస్తూ మాట్లాడింది.

"పందొమ్మిది సెప్టెంబర్లు. మిగతా టీచర్లు ఆ గడిలో బుద్ధిగా పేరు ఒక్కటే రాస్తారు. నీ రిజిస్టరు వస్తే చాలు, ప్రతి పేరు ముందూ ఆ మాట. నేను దాన్ని వదిలేసి మిగతాది ఎక్కించుకుంటాను."

"మిస్ వెర్నా..."

"ఆయన ఆ బీరువా తెరవడు. ఎప్పుడూ తెరవలేదు. సంతకం పెట్టి ఇంటికి పో. నువ్వేం రాయలేదు, నేనేం చూడలేదు. పెట్టకపోతే, మరి, నా ఉద్యోగం నేను చూసుకోవాలి."

అది దయో బెదిరింపో మిసెస్ హస్కిన్స్‌కి తెలియలేదు. మా కౌంటీలో రెండూ ఒకే గొంతుతో వస్తాయి.

ఆవిడ కలం అందుకుంది. ఆ సంగతి దాచి లాభం లేదు. సంతకం పెట్టాలని ఆవిడకు ఎంత అనిపించిందంటే, వేళ్ళు కలం మూత తీసేశాయి కూడా. పెడితే ఇంటికి పోవచ్చు. క్లెమెంట్ వచ్చేసరికి వేడిగా మొక్కజొన్న రొట్టె చెయ్యవచ్చు, కిటికీ దగ్గరే నిలబడి చెయ్యవచ్చు. ఇరవై మూడు మందికీ ఎప్పటికీ తెలియకపోవచ్చు. లేదు, సోమవారమే తెలుస్తుంది. 'తల్లులు చెప్పినట్టు రాసిన మాటలు కల్పితాలు.' ఆ వాక్యం దగ్గర కళ్ళు ఆగిపోయాయి. మిసెస్ డోజియర్ వంటింట్లో బల్ల మీద మోచేతులు ఆనించి, "నేనన్నది అన్నట్టే రాయండి మిసెస్ హస్కిన్స్, చదువుకున్నవాళ్ళకి లాగా బాగుచెయ్యకండి," అంది. ఈవిడ అన్నది అన్నట్టే రాసింది. పంట పోయాక కూడా ఆ మనిషి కేసులోంచి పేరు తీసెయ్యమనలేదు. ఇప్పుడు ఈ కాగితం నిండు కోర్టులో ఆవిడ ముఖం మీదే నువ్వు అబద్ధాలకోరువి అంటుంది, కింద మిసెస్ హస్కిన్స్ సంతకంతో.

కలం చేతిలోనే ఉంది. తలుపు తెరుచుకుంది.

"అయిందా?" అన్నాడు మిస్టర్ స్ట్రౌడ్.

"నేనే రాశానండీ."

"ఏదీ?" వంగి ఉత్తరం చూశాడు. "ఎక్కడ రాశావు? సంతకం లేదే. కలం పారడం లేదా?"

"ఇది కాదండీ. అది." వేలు పెట్టి చూపించింది. వేలు ఎంత ఊగుతోందంటే, నలభై ఒక్క పేజీల కట్ట పైన అది రెండు మూడు చోట్ల ఆనింది.

ఆయన ముందు ఆవిడ వేలు చూశాడు, తర్వాత కాగితాలు చూశాడు, తర్వాత నవ్వాడు. ఈసారి జాలిగా నవ్వాడు.

"వోమ్యాక్ పురమాయించాడా? నీ మీద వేసుకోమని? పాపం, ఎంత భయపెట్టాడో, వణికిపోతున్నావు."

"ఆయన కాదండీ. నేనే."

"జెనోబియా, ఈ పని చెయ్యడానికి పెద్ద తలకాయ కావాలి. నలభై పేజీల్లో ఒక్క తప్పు లేదు."

"ఒకటుందండీ. పదిహేడో పేజీలో, కింద నుంచి మూడో లైను."

"వాగకు," అన్నాడు గానీ, నవ్వు సగంలో ఆగింది.

పారిపోవాలని ఉంది ఆవిడకు. ఈ మనిషి నమ్మడం లేదు, నమ్మకపోతే ఇంకా బయటపడే దారి ఉంది, సరేనండి, ప్రొఫెసరే చెప్పమన్నాడండి అంటే చాలు. భయంలో మనిషికి ఎన్ని దారులు కనిపిస్తాయో! ఆ దారులన్నీ మూసెయ్యకపోతే తను ఏదో ఒక దానిలోకి దూరిపోతుందని ఆవిడకు తెలుసు. అందుకని మూల వైపు తిరిగింది.

"మిస్ వెర్నా, నా క్లాసు రిజిస్టర్లు తీస్తారా?"

మిస్ వెర్నా ముఖం పాలిపోయింది. "తాళం ఎక్కడో పెట్టాను," అంది.

"ఆ బీరువాకి తాళమే లేదు కదా వెర్నా!" అన్నాడు మిస్టర్ స్ట్రౌడ్.

తానే పోయి తెరిచాడు. అట్ట చిరిగిన రిజిస్టరు ఒకటి లాగాడు, ఇంకొకటి లాగాడు. కళ్ళజోడు దించుకున్నాడు. పేజీ తిప్పాడు. ఈసారి నింపాదిగా లేదు. 1932, 1938, 1945, ఏ ఏడాది తీసినా గుండ్రటి పంతులమ్మ దస్తూరీలో, వరస తప్పకుండా, ఒకే మాటతో మొదలయ్యే పేర్లు. గోడగడియారం నాలుగున్నర కొట్టింది.

ఆయన అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. రిజిస్టర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి, కుర్చీలో కూర్చుని, ఆవిడను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

"న్యూయార్కు పంపింది మేమే," అన్నాడు మెల్లగా.

"అవునండీ."

"ఇప్పటికి ఈ సంగతి ముగ్గురికే తెలుసు. నేను గ్రేవ్స్‌కి ఇంకా చెప్పలేదు. సోమవారం కోర్టులో ఎవరూ నిలబడకపోతే చెప్పనక్కర్లేదు కూడా. ఈ కాగితాలకి తల్లీ తండ్రీ లేకుండా పోతారు, నువ్వు మంగళవారం పొద్దున మామూలుగా బడికి పోతావు." ఆగాడు. "మీరుండేది మిల్లు ఇంట్లో కదా? పాత చెక్క ఇల్లు. పొయ్యి దగ్గర జాగ్రత్త."

మిసెస్ హస్కిన్స్ కలం మూత పెట్టింది, బల్ల మీద పెట్టింది. "వెళ్ళొస్తానండీ," అంది. ఏళ్ళ తరబడి అలవాటైన మర్యాద, నోటికి అదే వచ్చింది.

సందులోకి వచ్చింది. బొగ్గుల గది గోడ పట్టుకుని కాసేపు నిలబడి, పొద్దున తిన్నదంతా కక్కేసింది. రుమాలుతో మూతి తుడుచుకుని, టోపీ సర్దుకుని రోడ్డెక్కింది. కోర్టు గడియారంలో నాలుగూ ముప్పై ఎనిమిది.

మా వాళ్ళు వాడుకోగల ఫోను ఊళ్ళో ఒక్కటే, శవపేటికలు చేసి అంత్యక్రియలు చూసే మిస్టర్ ఈప్స్ దుకాణంలో. మామూలుగా పావుగంట నడక. పరుగెత్తితే అయిదు నిమిషాలు. కానీ సూపరింటెండెంటు ఆఫీసులోంచి వచ్చిన నల్ల ఆడమనిషి నడివీధిలో పరుగెత్తితే ఏమనుకుంటారు? అందుకని నడిచింది. మంగలి కొట్టు ముందు కూర్చున్న తెల్లవాళ్ళు చూస్తున్నట్టనిపించింది. నిజంగా చూస్తున్నారో లేదో తెలియదు. వెనక ట్రక్కు ఒకటి మెల్లగా వస్తోంది. ముందుకు పోదేం? పోతే బాగుండు. వీపు మీద చర్మం అంతా బిగుసుకుంది. ట్రక్కు దాటిపోయింది. దాంట్లో ఉన్నది కోళ్ళు.

నడుస్తున్నంతసేపూ లోపల ఒక గొంతు చెబుతూనే ఉంది, ఇంటికి పో, ముగ్గురికే తెలుసు, మంగళవారం మామూలుగా బడికి పోవచ్చు. ఆ గొంతు మిస్టర్ స్ట్రౌడ్‌ది కాదు, తనదే. ఆవిడ నడక ఆపలేదు. మిల్లు వీధికి తిరిగే మలుపు వచ్చింది. ఒక్క క్షణం ఆగింది. క్లెమెంట్‌కి కేక వెయ్యాలి, వేళ లేదు. మలుపు దాటింది.

దుకాణంలో మిస్టర్ ఈప్స్ ఒక పేటికకి మెరుగు పెడుతున్నాడు. ఆవిడ ముఖం చూసి గుడ్డ కింద పెట్టేశాడు.

"ఎవరమ్మా పోయింది?"

"ఎవరూ పోలేదు, మిస్టర్ ఈప్స్. ఫోను కావాలి."

"హమ్మయ్య, మాట్లాడుకోండి," అన్నాడు. ఆ మాట అన్నాక ఆవిడను ఇంకోసారి చూసి, ఏమీ అడగకుండా బయటికి పోయి, వీధి వైపు తిరిగి గుమ్మంలో నిలబడ్డాడు.

ఫోను గోడకి ఉంది, రెండు పేటికల మధ్య. రిచ్‌మండ్ కావాలంటే ఊళ్ళో ఆపరేటరు కలపాలి. ఆ అమ్మాయి తెల్లమ్మాయి, మిస్టర్ గ్రేవ్స్ భార్యకి మేనకోడలు. కలిపాక తను పక్కకి తప్పుకోదని ఊళ్ళో ప్రతివాళ్ళకీ తెలుసు. ఫోనులో ఏం మాట్లాడినా రాత్రి భోజనాల వేళకి కౌంటీ అంతా పాకుతుంది. మిసెస్ హస్కిన్స్ నంబరు చెప్పింది. కరకరమని చప్పుడు. మళ్ళీ కరకర. అయిదుకి ఆరు నిమిషాలు.

"బర్‌వెల్‌ను మాట్లాడుతున్నాను."

"లాయరు గారూ, టాల్‌ఫర్డ్ నుంచి మిసెస్ హస్కిన్స్‌ని."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. "మిసెస్ హస్కిన్స్, జాగ్రత్త. ఆ లైనులో పేరు చెప్పకండి. అవునో కాదో అనండి చాలు, నేను మిగతాది..."

"వింటున్నారు లెండి. పరవాలేదు, ఎలాగూ తెలిసిపోయింది. పేరు ఎలా రాసుకుంటారు?"

ఆయన కాగితం లాక్కున్న చప్పుడు వినిపించింది. "కోర్టుకి పూర్తి పేరు కావాలండీ," అన్నాడు.

"జెనోబియా మే హస్కిన్స్. నివేదిక రాసింది నేనే. నలభై ఒక్క పేజీలూ నేనే."

లైనులో ఎవరో చప్పున ఊపిరి పీల్చుకున్నారు. అది రిచ్‌మండ్‌లో కాదు.

"రాసుకున్నాను," అన్నాడు లాయర్ బర్‌వెల్. "మిసెస్ హస్కిన్స్, మీ గొంతు బాగా వణుకుతోంది. భయంగా ఉందా?"

"చాలా భయంగా ఉందండీ. కాళ్ళు నిలవడం లేదు, శవపేటిక పట్టుకుని నిలబడ్డాను. సోమవారం ఎన్ని గంటలకి రావాలో చెప్పండి."